మహారాజుగారి తిట్టుపాట

ఒకానొకప్పుడు సింగారకోట అనే రాజ్యంలో వరి కంటే పాట ఎక్కువ పండేది. నాట్లు వేస్తే పాట, వడ్లు దంపితే పాట, పిల్లకు నలుగు పెడితే పాట. ఇంత పాట పండే నేలకు, ఒక్క చరణం కూడా కట్టలేని సమరగండ మహారాజు ఏలిక అయ్యాడు. రాజులకు పరీక్షలు పెట్టే ఆచారం లేదు కదా!

ఆయనకు రెండు గర్వకారణాలు. ఒకటి మూరెడు మీసం. రెండోది ఆస్థానంలో ఉన్న పదిమంది కవులు. మీసం సంగతి ఆయనే చూసుకునేవాడు. కవుల సంగతి చూడటానికి మాత్రం నీలాద్రి భట్టు అనే పండితుణ్ణి పెట్టుకున్నాడు.

ఈ భట్టు దూరదేశంలో పన్నెండేళ్ళు చదివి వచ్చాడు. ఏం చదివాడో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వస్తూనే సభలో నిలబడి, "ప్రభూ! మీ అసలు గనులు కొండల్లో లేవు, కొలువులో ఉన్నాయి. కవి ఒక వనరు. గాయకుడు ఒక వనరు. వనరును మనం నడిపించాలి. వదిలేస్తే అది తన ఇష్టం వచ్చినట్టు పాడుతుంది" అన్నాడు.

రాజుకు ఒళ్ళు పులకరించింది. అప్పటికప్పుడు భట్టుకు ప్రతిభాధ్యక్షుడు అనే పదవి పుట్టించాడు.

భట్టు మొదటి వ్యూహం కవులకు వరస కట్టడం. ఏటా ఒకటో స్థానం నుంచి పదో స్థానం దాకా వరస కట్టి, చివరివాణ్ణి పంపేయాలన్నాడు.

"పదిమందీ బాగా రాస్తే?" అని రాజు అడిగాడు.

"బాగా రాసినవాళ్ళలోనూ చివరివాడు ఉంటాడు కదా ప్రభూ!"

ఇంత లోతైన మాట రాజు జన్మలో వినలేదు. అయిదేళ్ళయ్యేసరికి అయిదుగురు కవులు మిగిలారు. ఆ అయిదుగురూ ఒకరి గంటం ఒకరు దాచేవాళ్ళు, ఒకరి పద్యానికి ఒకరు ఆవులించేవాళ్ళు. రాజును పొగిడితే వరసలో పైకి వెళ్తామని కనిపెట్టి, వానమీద రాసినా మీసంమీదకే తెచ్చేవాళ్ళు. భట్టు మాత్రం వరస కట్టే ప్రతి సభలోనూ "మనమంతా ఒకే కుటుంబం" అని మొదలుపెట్టి, సభ ముగిసేలోగా ఒకణ్ణి గెంటేసేవాడు.

"కుటుంబమంటే మన అత్తారిళ్ళలాంటిది అయ్యుంటుందే" అని ప్రోలమ్మ దంపుళ్ళ చావడిలో అంటే ఆడవాళ్ళంతా రోకళ్ళు ఆపి నవ్వారు.

ఈ ప్రోలమ్మ రాజుగారి దంపుళ్ళ చావడికి పెద్ద. ఆమె చేతికింద నలభైమంది ఆడవాళ్ళు. కోటకు కావలసిన బియ్యమంతా వాళ్ళు దంపిందే. ఊళ్ళో ఎవరింట పెళ్ళి జరిగినా పాటకు వెళ్ళేదీ వాళ్ళే. యాభై దాటిన మనిషి, బక్కపలచని ఒళ్ళు, గొంతు మాత్రం కోటగోడ అవతల నిలబడ్డవాడికి కూడా వినబడుతుంది. చదువు రాదు. వెయ్యి పాటలు వచ్చు.

ఒక ఉదయం భట్టు ఆ చావడి పక్కగా వెళ్తూ ఆగిపోయాడు. లోపల నలభై రోకళ్ళు ఒక్క దెబ్బగా పడుతున్నాయి. ఆ దెబ్బమీద పాట నడుస్తోంది. ఆస్థానంలో అయిదేళ్ళుగా అలాంటిది వినలేదు.

"ఈ పాట ఎవరు కట్టారు?" అని గుమ్మంలోంచే అడిగాడు.

"తెలీదండయ్యా" అంది ప్రోలమ్మ. "మా అమ్మ పాడేది. నడిమి చరణాలు రెండూ మా మేనత్తవి. ఆ చివరి చరణం నిన్న మా చిట్టెక్క కలిపింది."

"అంటే దీనికి సొంతదారు లేరన్నమాట."

"ఎందుకు లేరూ? నలభైమంది మీ ఎదురుగానే ఉన్నాం."

"పేరున్న సొంతదారు అని నా ఉద్దేశం. పేరులేని నిధి రాజుది. శాస్త్రం అలా చెబుతోంది." భట్టు కళ్ళు మెరిశాయి. "పైగా దీనివల్ల మీకే లాభం. మీ పాటకు గొప్ప పేరొస్తుంది."

"ఎవరి పేరండీ?"

"మహారాజుగారి పేరు!"

మూడోనాటికి ఊళ్ళో దండోరా మోగింది. సింగారకోట పొలిమేరల్లో పుట్టిన ప్రతి పాటా, ప్రతి కథా, ప్రతి ముగ్గూ, ప్రతి వ్యూహమూ మహారాజుగారి సొత్తు. పాట పాడేవారు చివరి చరణంలో మహారాజుగారి పేరు ముద్రగా కలిపి పాడాలి. కలపనివారి మూతికి గుడ్డకట్టి ఏడాదిపాటు మౌనశిక్ష వేస్తారు. తిండి తినడానికి మాత్రం గుడ్డ దించవచ్చు.

ఆ రోజునుంచి నలుగు పాట చివరా సమరగండ భూపాలుడే. కలుపు పాట చివరా ఆయనే. పురిటి పాట చివర కూడా ఆయనే వచ్చేసరికి మంత్రసాని సిగ్గుతో తల పట్టుకుంది. నొప్పులు ఒకరివి, పేరు ఇంకొకరిది. అది కొత్తేమీ కాదుగానీ, అంత గట్టిగా పాడాల్సి రావడం కొత్త.

నెల తిరక్కుండానే మొదటి శిక్ష పడింది. ఎవరిమీద? చావడిలో అందరికంటే చిన్నది, మూడు నెలల బాలింత, చిట్టెక్కమీద.

ఆమె చేసిన నేరం ఇదీ. చావడి మూల ఉయ్యాల వేసి పిల్లను నిద్రపుచ్చుతూ జోలపాట పాడింది. చివరి చరణం రాకముందే పిల్ల నిద్రపోయింది. ఇంక రాజుగారి పేరెందుకులే, పిల్ల లేస్తుంది అని పాట ఆపేసింది. గుమ్మం దగ్గరున్న భటుడు విన్నాడు. ముద్ర పడలేదు! సాయంత్రానికల్లా చిట్టెక్క మూతికి గుడ్డ కట్టేశారు.

ఆ మర్నాడు ప్రోలమ్మ చూసిన దృశ్యం ఏ ఆడదీ మరిచిపోలేనిది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి ఉయ్యాల ఊపుతోంది. గుడ్డ వెనక నుంచి గొంతు బయటికి రావడంలేదు. పక్కవాళ్ళు పాడారు. పిల్లకు వాళ్ళ గొంతు అక్కర్లేదు.

ప్రోలమ్మ రోకలి గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, తిన్నగా సభకు వెళ్ళింది.

"ప్రభూ! చిట్టెక్క మీ పేరు దాచుకోలేదు. పిల్ల నిద్రపోయింది, పాట ఆగింది. అంతే."

రాజు భట్టువైపు చూశాడు. భట్టు లేచాడు.

"శ్రోత నిద్రపోయినంతమాత్రాన ముద్ర ఆగకూడదు. మన కవిసభలో శ్రోతలంతా నిద్రపోతారు. కవులు ఎప్పుడైనా ఆపారా?"

"లేదు, లేదు" అన్నారు అయిదుగురు కవులూ.

"ఒక్కరికి మినహాయింపు ఇస్తే వ్యూహానికి చిల్లు పడుతుంది ప్రభూ" అన్నాడు భట్టు.

రాజు మీసం దువ్వుకున్నాడు. "విన్నావుగా ప్రోలమ్మా! పాటలన్నీ నావే. నా వస్తువుమీద నా పేరుండాలంటే తప్పా? ఇంకేమైనా ఉందా?"

ప్రోలమ్మ సభను కలయజూసింది. ఆమె ఎదురుగా అయిదుగురు కవులు, ఒక పండితుడు, ఒక రాజు. వాళ్ళలో ఒక్కడు కూడా పెళ్ళిలో ఆడవాళ్ళ బంతి జరిగే పందిట్లోకి తొంగిచూసి ఎరగడు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

"చిత్తం. ఒక్క సందేహం ప్రభూ. ఇరవై రోజుల్లో రాజకుమార్తె పెళ్ళి. పెద్దేరు రాజుగారితో వియ్యం. పెళ్ళిపాటల్లో కూడా మీ పేరు కలపాలా?"

"అదేం ప్రశ్న? ముందు వాటిలోనే కలపాలి."

"అన్నిట్లోనా? ఆడవాళ్ళ బంతిలో వియ్యపురాలి పాటలుంటాయి. అవి తిట్టుపాటలు ప్రభూ."

సభలో చిన్న కలకలం రేగింది. భట్టు ముఖం చిట్లించాడు. "వియ్యపురాలిని తిడతారా? ఎందుకు?"

"తిట్టకపోతే అలుగుతారు కాబట్టి. మురిపెం తిట్టులెండి. నాలుగు రోజులు ప్రయాణం చేసి వచ్చేది అందుకే."

రాజు ఆలోచనలో పడ్డాడు. రెండు రాజ్యాల ఆడవాళ్ళు ఒక్కచోట కూర్చుంటారు. వాళ్ళందరి ఎదుటా పాటపాటకూ తన పేరు మోగుతుంది. మురిపెమే కదా!

"అవి కూడా నావే" అన్నాడు. "అంతేకాదు, ఈసారి మగవాళ్ళ బంతి కూడా అదే పందిట్లో, ఆడవాళ్ళకు ఎదురుగా వేయించండి. నా పాటలు నేను వినాలి."

"పాట మీదైతే, పాట వెనకాల వచ్చే మంచీ చెడూ కూడా మీవేనా ప్రభూ?"

"అంతా నాదే! సమరగండుడి పేరుమీద చెడు ఎలా వస్తుంది?"

"ఆ మాట రాయించి ఇవ్వండి ప్రభూ. చదువురాని దాన్ని, మరిచిపోతాను."

భట్టు ఉత్సాహంగా తాటాకు తెప్పించి తనే రాసి, కింద తన పేరు కూడా పెట్టుకున్నాడు. రాజు ముద్ర వేశాడు. ప్రోలమ్మ కళ్ళకద్దుకుని తీసుకుంది. ఇంకో సంగతి చెప్పాల్సి ఉన్నా చెప్పలేదు. ఎవరూ అడగలేదు మరి.

ఆ సంగతి సింగారకోటలోనూ పెద్దేరులోనూ ప్రతి ఆడపిల్లకూ తెలుసు. తిట్టుపాట చివరి చరణంలో ఎవరి పేరుంటే ఆ పాట వాళ్ళది. ఎదుటివాళ్ళు తిరిగి పాడేది వాళ్ళమీదే. దానికి వాళ్ళే మళ్ళీ పాటతో జవాబు చెప్పాలి. అదీ బంతిలోకి పెరుగు రాకముందే. చెప్పలేకపోతే ఓడినట్టు. ఓడినవాళ్ళు వియ్యపురాలు తిన్న విస్తరి ఎత్తాలి.

అందుకే తిట్టుపాటల చివర ఎప్పుడూ 'పెళ్ళింటి పెద్దమ్మ' అని వచ్చేది. పెద్దమ్మ అంటే పాటగత్తెల నాయకురాలు. ముప్పై ఏళ్ళుగా ఆ పెద్దమ్మ ప్రోలమ్మే. ముప్పై ఏళ్ళలో ఒక్క విస్తరి కూడా ఎత్తలేదు.

పెళ్ళిరోజు రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం పందిట్లో ఒకవైపు ఆడవాళ్ళ బంతి, ఎదురుగా మగవాళ్ళ బంతి. ఆడవాళ్ళ బంతి మొదట్లో పెద్దేరు రాణి వరదాంబ కూర్చుంది. నిండైన మనిషి, ముక్కుకు పెద్ద ముక్కెర, నవ్వితే పందిరంతా ఊగేటట్టు నవ్వుతుంది. ఎదురుగా ఆమె భర్త బలభద్ర రాయలు, ఆయన పక్కన సమరగండ మహారాజు, ఆ వెనక భట్టు, అయిదుగురు కవులు.

నలభైమంది పాటగత్తెలు పందిరి గుంజల దగ్గర నిలబడ్డారు. చిట్టెక్క కూడా వచ్చింది, మూతికి గుడ్డతో, చంకలో పిల్లతో.

పప్పూ నెయ్యీ వడ్డించారు. ప్రోలమ్మ గొంతెత్తింది.

*వచ్చింది వచ్చింది వరదాంబ వదిన*
*ముందు ముక్కెరొచ్చింది, వెనక తానొచ్చింది*
*అరిసెలెన్ని తిన్నావంటే అయిదే అంటుంది*
*అయిదు బుట్టలనే సంగతి ఆపైన చెబుతుంది*
*పీట విరిగిందేమని ఎవరూ అడగొద్దు*
*పీట పాతదన్నాడు సమరగండ భూపాలుడు*

వరదాంబ పకపకా నవ్వింది. ఆఖరి పంక్తి వినగానే ఆమె నవ్వు సగంలో ఆగి, మళ్ళీ రెట్టింపైంది. పెద్దేరు ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. రాజు మాత్రం తన పేరు వినబడిందన్న ఆనందంలో తల ఊపాడు.

"బాగుంది, బాగుంది. ఇంకోటి!" అన్నాడు.

"చిత్తం" అంది ప్రోలమ్మ.

*వడ్డాణం పెడదామని కంసాలి వచ్చాడు*
*మూర తెచ్చి కొలిచాడు, తాడు తెచ్చి కొలిచాడు*
*తాడు చాలక ఊరికి కబురంపాడు*
*నడుమెక్కడ ఉందని నాలుగు దిక్కులూ వెతికి*
*జాడ దొరకలేదన్నాడు సమరగండ భూపాలుడు*

ఆడదాని నోట అది వెక్కిరింత. వినేవాళ్ళు నవ్వి, తిరిగి వెక్కిరిస్తారు. అదే మాట మగవాడి పేరుమీద వస్తే అది ఇంకేదో అయిపోతుంది. ఆ తేడా అందరికంటే ముందు తెలిసింది బలభద్ర రాయలికి. ఆయన ఎంగిలి చేత్తోనే కత్తి పట్టుకుని లేచాడు.

"ఏమయ్యా! నా భార్య నడుము వెతకడానికి నువ్వెవడివి?"

సమరగండ మహారాజు పీటమీదే వెనక్కి జరిగాడు. "ప్రోలమ్మా! ఏం పాటే ఇది?"

"మీదే ప్రభూ" అని ప్రోలమ్మ కొంగులోంచి తాటాకు తీసింది.

"మీరు కూర్చోండి" అని వరదాంబ భర్తను గదమాయించింది. "ఆడవాళ్ళ బంతిలో కత్తి దూసిన మగవాడు ఇంతవరకూ లేడు. పాటకు పాటే జవాబు. నేను చెబుతాను."

ఆమె గొంతు సవరించుకుని, సమరగండ మహారాజు కళ్ళలోకి చూస్తూ అందుకుంది. పెద్దేరు ఆడవాళ్ళు వంతపాడారు.

*మూరెడు మీసాల ముద్దుల అన్నయ్యా*
*మీసం మోసి మోసి మెడ వంగిపోయిందా*
*నడుములు వెతికేటి నీ కంటిలో నలుసా*
*ఇంట్లో వెతకవయ్యా, నీ బుద్ధి దొరుకుతుందేమో*
*జవాబు చెప్పవయ్యా సమరగండ భూపాలా!*

ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మగవాళ్ళు విస్తళ్ళలోకి ముఖాలు దించుకుని నవ్వారు. రాజుకు కోపపడాలో సిగ్గుపడాలో తెలియలేదు.

"ఏం అన్నయ్యగారూ, కానివ్వండి" అంది వరదాంబ. "పాట మీదైతే జవాబూ మీరే పాడాలి. పెరుగు వచ్చేలోగా పాడకపోతే నా విస్తరి మీరెత్తాలి. తరాలనాటి ఆచారం. మీకు తెలియకుండా ఉంటుందా? ఇన్ని పాటలు కట్టినవారు!"

వడ్డన ఎక్కడిదాకా వచ్చిందో చూడటానికి రాజు మెడ సాచాడు. పులుసు అయిపోతోంది.

"కవులారా! నాలుగు పంక్తులు! తొందరగా!" అని వెనక్కి తిరిగి గుసగుసలాడాడు.

మొదటి కవి కళ్ళు మూసుకుని "శ్రీమన్మహారాజ వదన చంద్ర..." అని మొదలుపెట్టాడు.

"నన్ను పొగడొద్దయ్యా! ఆవిణ్ణి వెక్కిరించు!"

కవికి అది చేతకాలేదు. అయిదేళ్ళుగా రాజును పొగడటం తప్ప ఇంకేమీ రాయలేదు. రెండోవాడికి ఒక పంక్తి తట్టింది కానీ బయటపెట్టలేదు. ఈ ఏటి వరస కట్టేలోగా మొదటివాడు పూర్తిగా మునిగితే చూద్దామనుకున్నాడు. మూడోవాడూ అదే అనుకున్నాడు. నాలుగోవాడు, అయిదోవాడు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఎవరు ఓడితే ఎవరికి లాభమో లెక్కలు వేసుకున్నారు.

"ప్రభూ, ఈ సమస్యను పరిశీలించడానికి ఒక సంఘం వేద్దాం" అన్నాడు భట్టు.

పందిరి చివర పెరుగు కుండలు దించిన చప్పుడైంది.

రాజు విస్తరి ముందునుంచి లేచి, పంచె సర్దుకుంటూ, పందిరి గుంజ దగ్గరకు వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ప్రోలమ్మా, నువ్వు పాడు. ఈ ఒక్క గండం దాటించు."

"పాడతాను ప్రభూ, దానికేం. కానీ నేను పాడేది కూడా మీదే అవుతుంది. చివర మీ పేరు కలపాలి. కలిపితే వాళ్ళు మళ్ళీ మిమ్మల్నే పట్టుకుంటారు. వాళ్ళకు రాత్రిదాకా సరిపడా పాటలు వచ్చు."

"మరి పేరు కలపకుండా పాడు!"

"మూతికి గుడ్డ కడతారు కదా ప్రభూ. అదిగో, ఆ పిల్లకు కట్టారు. పిల్ల నిద్రపోయిందని పాట ఆపినందుకు."

రాజు చిట్టెక్కవైపు చూశాడు. నిజానికి శిక్ష పడ్డ మనిషిని ఆయన చూడటం అదే మొదటిసారి. గుడ్డపైన రెండు కళ్ళు తిన్నగా ఆయన్నే చూస్తున్నాయి. ఆయనే చూపు తిప్పుకున్నాడు.

"ఏం చెయ్యమంటావు?"

"ఏముంది? ఈ పాట ఎవరిదో గట్టిగా చెప్పండి. అందరికీ వినబడేటట్టు."

పెరుగు గరిటె మొదటి విస్తరి దగ్గరకు వచ్చింది.

"ఈ పాట నాది కాదు!" అని రాజు అరిచాడు. "నాకు పాటలు రావు. ఒక్కటీ రాదు. ఇవి ఈ ఆడవాళ్ళు కట్టినవి!"

వడ్డించేవాడి చేతిలో గరిటె ఆగింది.

"ఈ తిట్టుపాటలు మాత్రమేనా ప్రభూ?" అని ప్రోలమ్మ నెమ్మదిగా అడిగింది. "తిట్టు మావి, జోల మీవా? అలా పంచుకుందామంటే వియ్యపురాలిగారు ఒప్పుకుంటారో లేదో."

వరదాంబ ముక్కెర సవరించుకుంటూ, "పంపకాలు నాకు పడవు" అంది.

"అన్నీ! దంపుడు పాటలు, జోలపాటలు, పెళ్ళిపాటలు, అన్నీ వాళ్ళవే! ఆ ఆజ్ఞ ఈ క్షణమే రద్దు!"

ప్రోలమ్మ ఇంకో మాట వినలేదు. చిట్టెక్క దగ్గరకు వెళ్ళి గుడ్డ ముడి విప్పింది. తడిసి బిగుసుకున్న ముడి, పళ్ళతో లాగాల్సి వచ్చింది. చిట్టెక్క పెదవులు తుడుచుకుని, చంకలో పిల్ల చెవి దగ్గర ఏదో అంది. ఏమందో పిల్లకే తెలియాలి.

అప్పుడు ప్రోలమ్మ ఆడవాళ్ళ బంతి ఎదుట నిలబడింది.

*దిక్కులు వెతికితే దొరకనిది నడుము*
*దంపిన చేతికి ఇట్టే తెలుస్తుంది*
*గాదెలకొద్దీ వడ్లు దంపిన వాళ్ళం*
*బరువెంతో చూపుతోనే చెబుతాం వదినా*
*కోడలిని బాగా చూస్తే సగమే చెబుతాం*
*చూడకుంటే ఊరూరా చాటింపు వేస్తాం*
*పాటపాడి చెబుతోంది ప్రోలమ్మ పెద్దమ్మ!*

వరదాంబ రెండు చేతులూ పైకెత్తేసింది. "సగమే చెప్పు తల్లీ, సగమే! మీ పిల్లను నా కంట్లో పెట్టుకుంటాను." నవ్వి నవ్వి ఆమెకు పొలమారింది. బలభద్ర రాయలు కూడా మళ్ళీ పీటమీద కూర్చుని, నవ్వుతూ మీసంమీది పప్పు తుడుచుకున్నాడు.

"అంతా బాగానే ఉంది" అని వరదాంబ నీళ్ళు తాగి అంది. "కానీ తనవి కాని పాటలు తనవని చెప్పిన మనిషి మాత్రం ఈ పందిట్లో ఉన్నాడు. విస్తరి ఎత్తకుండా ఈ బంతి లేవదు. ఎవరెత్తుతారు?"

రాజు మెల్లగా భట్టువైపు తిరిగాడు. "వ్యూహం ఎవరిది భట్టూ?"

భట్టు అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. "ప్రభూ, మీ ఆజ్ఞ ప్రకారం రాజ్యంలో పుట్టిన ప్రతి వ్యూహమూ మీ సొత్తు. నాదంటూ ఏముంది?"

రాజు తెల్లబోయాడు. ప్రోలమ్మవైపు చూశాడు.

"ఆ ఆజ్ఞ ఇందాక రద్దయింది కదండీ అయ్యవారూ!" అంది ప్రోలమ్మ. "ఇప్పుడు ఎవరి వ్యూహం వారిదే. సొంతదారు పేరు కూడా ఉంది. తాటాకు మీ చేత్తోనే రాశారు."

రాజుకు ముందు దగ్గులాగా మొదలైంది. ఆ తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. పట్టాభిషేకం నాటినుంచి అలా నవ్వలేదు. నవ్వుతుంటే మూరెడు మీసం రెండువైపులా ఎగిరింది. నీలాద్రి భట్టు పట్టుపంచె ఎగగట్టి, ముఖం అవతలికి తిప్పుకుని, వియ్యపురాలి విస్తరి ఎత్తాడు. పన్నెండేళ్ళు దూరదేశంలో చదువుకున్నాడు కానీ విస్తరి మడతపెట్టి ఎత్తాలని ఎవరూ నేర్పలేదు. దారిపొడుగునా పులుసు కారింది. చీపురు పట్టుకుని వెనకాల వెళ్ళినవాళ్ళు మాత్రం యథాప్రకారం ఆడవాళ్ళే.

"ప్రోలమ్మా!" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "నన్ను నా నోటితోనే ఓడించావు. యుద్ధం కూడా తప్పించావు. రేపటినుంచి ప్రతిభాధ్యక్షురాలివి నువ్వే. పల్లకీ ఇస్తాను. గానకళానిధి అని బిరుదిస్తాను."

"పల్లకీలో కూర్చుంటే రోకలి ఎత్తేదెవరు ప్రభూ? బిరుదు మా చావడిలో నలభై ముక్కలు చెయ్యాలి, తలా ఒక అక్షరం కూడా రాదు. ఆ పదవి మాత్రం తీసేయండి. పాడేవాళ్ళకు అధ్యక్షులెందుకు? ఏడుస్తున్న పిల్లను ఎత్తుకునే చేయి ఇంకోటి కావాలిగానీ."

"మరి ఏం కావాలి? అడుగు!"

ప్రోలమ్మ వెనక్కి తిరిగి తనవాళ్ళను చూసింది. పొద్దున్నుంచి నిలబడి పాడుతున్నారు. పెళ్ళిళ్ళలో పాటగత్తెలు తినేది అందరి తర్వాత. అడుగంటిన పప్పు, చల్లారిన అన్నం, చాలని నెయ్యి. ముప్పై ఏళ్ళుగా ఆమె ఏ పెళ్ళిలోనూ పొగలొచ్చే అన్నం తినలేదు.

"మా నలభైమందికీ ఇప్పుడే విస్తళ్ళు వేయించండి ప్రభూ. అన్నం వేడిగా ఉండాలి. ఇకమీద ఏ పెళ్ళిలోనైనా పాడినవాళ్ళే మొదటి బంతి. ఇంకొకటి కూడా. మేం తింటున్నంతసేపూ ఎవరైనా పాడాలి. వింటూ తినడం ఎలా ఉంటుందో మాకు తెలీదు."

రాజు వెంటనే చేయి ఊపాడు. విస్తళ్ళు పడ్డాయి. గుండిగలోంచి పొగలు కక్కుతూ అన్నం వచ్చింది. చిట్టెక్క పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని మొదటి ముద్ద కలిపింది.

పాడటానికి కవులు లేచారు. మొదటివాడు "శ్రీమన్మహారాజ..." అన్నాడు. "అది వద్దు" అన్నాడు రాజే. రెండోవాడు గొంతు సవరించుకుని, ఏమీ దొరక్క, కూర్చుండిపోయాడు. మిగతా ముగ్గురూ లేవనేలేదు.

"మీవల్ల కాదు, తప్పుకోండి" అని వరదాంబ చేయి కడుక్కుని వచ్చి ప్రోలమ్మ ఎదురుగా పీట వేసుకుంది. ముక్కెర సవరించుకుంది. పెద్దేరు ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

*బక్కపలచని వదినమ్మ బంతికి వచ్చింది*
*గాలి వీస్తే ఎగురుతుందని గుంజకు కట్టారు*
*తాటాకు చూపించి రాజుల్ని ఆడించే చెయ్యి*
*నేతిగిన్నె కనబడితే నిలవదేమమ్మా?*

నలభైమందీ విరగబడి నవ్వుతూ ప్రోలమ్మవైపు తిరిగారు, జవాబు కోసం.

ప్రోలమ్మ నోటినిండా వేడన్నం ఉంది. ఆమె తల అడ్డంగా ఊపి, వేలితో విస్తరి చూపించి, నిదానంగా ఇంకో ముద్ద కలిపింది. తొందరేముంది? పెరుగు రావడానికి ఇంకా నాలుగు వంటకాలున్నాయి.